వీసా ఆఫీసుకి వెళ్ళిన కిటికీ

"బుల్లబ్బాయ్! ఒరే బుల్లబ్బాయ్! నవ్వకురా! నవ్వావంటే నా మీద ఒట్టే!"

వీధి అరుగు మీంచి అచ్చియ్యమ్మ కేక వేసింది. పెరట్లో కొబ్బరి పీచు ఆరబెడుతున్న కొడుకు బుల్లబ్బాయి టక్కున నోరు మూసేసుకున్నాడు. పాపం, వాడు పెద్దగా ఏం చేయలేదు. తాడు ముక్కని చూసి పామనుకుని ఒక కాకి ఎగిరిపడింది. నవ్వొచ్చింది. అంతే.

"వీసా ఫోటోలో నవ్వుతున్నావట్రా?"

"లేదమ్మా."

"మరి? ఆఫీసువాళ్ళు ఏ క్షణాన ఎటునుంచి చూస్తారో ఏంటో! ఫోటోలో మనిషి వేరు, ఈ నవ్వే మనిషి వేరు అన్నారంటే ఏం చేస్తావ్?"

"అక్కా, నీ బుర్రే బుర్ర!" అన్నాడు పక్కన కూర్చున్న ఆవిడ తమ్ముడు గవర్రాజు.

చిలకలంకలో ఆ ఇంటివాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. ఊళ్ళో మిగతావాళ్ళంతా ఒక మాట వింటే దాని వెనకాల ఏముందో, పక్కన ఏముందో అని తడుముకుంటారు. వీళ్ళలా కాదు. చెప్పింది చెప్పినట్టే. "మాట ఎదురుగా కనపడుతుంటే వెనక్కెళ్ళి వెతికేవాడు వెర్రివాడు" అనేవాడు గవర్రాజు. ఏడో తరగతి రెండుసార్లు చదివినవాడు, అంటే లెక్కకి ఎనిమిది చదివినట్టే. ఇంట్లో ఉత్తరాలూ గిత్తరాలూ అన్నీ ఆయనే చదివేవాడు, ఆయనే రాసేవాడు.

బుల్లబ్బాయి భార్య హైమావతి నర్సు. మంచు కురిసే దేశంలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం. పెళ్ళయిన ఏడాదికి వెళ్ళి, మాఘమాసంలో సెలవు పెట్టి వచ్చి, నెల్లాళ్ళు ఉండి మళ్ళీ వెళ్ళింది. ఆ నెల్లాళ్ళూ బుల్లబ్బాయికి నేల మీద నడిచిన గుర్తే లేదు. ఆవిడ తలంటుకుని పెరట్లో జుట్టు ఆరబెట్టుకుంటుంటే, పేనుతున్న తాడు చేతిలో ఉండగానే మర్చిపోయి అలా చూస్తూ నిలబడిపోయేవాడు. వెళ్ళిన కొన్నాళ్ళకి ఫోన్లో చెప్పింది. "ఏవండీ, మీరు తండ్రి కాబోతున్నారు. కార్తీకంలో పుడతాడు. వాడు కళ్ళు తెరిచేసరికి మీరు నా పక్కన ఉండాలి. నాకింకేం వద్దు."

అదే వాడి ప్రాణానికి పట్టుకున్న కోరిక. కార్తీకం లోపల వీసా రావాలి.

కాని ఒక సంగతి బుల్లబ్బాయి కడుపులో దాచుకున్నాడు. అదేంటంటే, వీసా ఎందుకు ఆగిందో వాడొక్కడికే తెలుసు.

మొదటిసారి హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు అద్దం వెనకాల ఆఫీసరమ్మ కూర్చునుంది. పరాయిదేశపు మనిషే గాని తెలుగు పుస్తకాలు చదివి నేర్చుకుందట. "మీ సతీమణి నామధేయము ఏమిటి?" అని అడిగింది.

ఇంకేముంది! వాడి చెవులు ఎర్రబడిపోయాయి. ఆ ఇంట్లో పెళ్ళాం మొగుడి పేరు చెప్పదు, మొగుడు పెళ్ళాం పేరు చెప్పడు. చెబితే ఆయుష్షు తగ్గుతుందని అచ్చియ్యమ్మ నమ్మకం. పైగా బుల్లబ్బాయికి సిగ్గు. కొత్త పెళ్ళికూతురిని ఇంటికి తెచ్చిన రోజున అక్క భూలక్ష్మి గుమ్మానికి అడ్డంగా నిలబడి, "మరదలి పేరు చెప్పి లోపలికి రారా!" అంది. హైమావతి గడుసుది. "బుల్లబ్బాయి గారితో వచ్చానండీ, నేను హైమావతిని" అని గలగలా చెప్పేసి లోపలికి నడిచింది. అత్తగారు గుండె పట్టుకుని కూలబడింది. వీడేమో చుట్టూ తిరిగి వెళ్ళి వంటింటి కిటికీలోంచి లోపలికి దూకాడు. దూకడం దూకడం పులిహోర గంగాళంలో పడ్డాడు. "పేరు చెప్పకుండా ఇల్లు చేరాడు. ఏం తెలివి!" అని ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

అలాంటివాడు ఆఫీసరమ్మకి ఏం చెబుతాడు? "చెప్పకూడదండి" అన్నాడు.

"ఏల?"

"మా ఇంట్లో అలాంటి పనులు చేయమండి."

ఆఫీసరమ్మ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, ఒక పచ్చకాగితం చేతికిచ్చి పంపేసింది. అందులో రెండు ముక్కలున్నాయి. మీ దరఖాస్తు ఇంకా పరిశీలనలో ఉంది, మా కబురొచ్చే వరకు ఆగండి. ఈలోగా మీ వివరాల్లో ఏ మార్పు వచ్చినా వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

గవర్రాజు కాగితం మూడుసార్లు చదివాడు. "ఏ మార్పు వచ్చినా అన్నాడ్రా. చిన్న మార్పు, పెద్ద మార్పు అనలేదు. ఏ మార్పైనా! కలం తేండి!"

అంతే. ఆ సాయంత్రమే మొదటి ఉత్తరం వెళ్ళింది.

"అయ్యా, మా బుల్లబ్బాయి ఎడమ బుగ్గ మీద గల సెగగడ్డ మొన్న మంగళవారం పగిలిపోయినది. కావున ఫోటోలోని బుగ్గకును ప్రస్తుత బుగ్గకును తేడా కలదు. గమనించగలరు. గడ్డ మరల లేచినచో వెంటనే తెలియజేయగలము."

తరవాత బరువు. దరఖాస్తులో అరవై రెండు కిలోలని రాశారు. మామిడిపళ్ళ కాలం వచ్చి వాడు అరవై మూడయ్యాడు. ఉత్తరం. ఇదేదో ఎక్కువైపోతోందని రెండ్రోజులు గంజి పోశారు. అరవై ఒకటయ్యాడు. ఇంకో ఉత్తరం. అచ్చియ్యమ్మకి విసుగొచ్చి, రోజూ రైసుమిల్లు కాటా మీద వాడిని నిలబెట్టి, తక్కువైతే జేబులో కొబ్బరికాయ పెట్టేది. "ఇప్పుడు సరిగ్గా అరవై రెండు. ఆ కాయ తీయకు!" వాడు వారం రోజులు జేబులో కాయతోనే తిరిగాడు, పడుకున్నాడు.

అప్పుడే గాలివాన వచ్చింది. దరఖాస్తులో ఇంటి గుర్తు అన్నచోట "ముందు రెండు కొబ్బరిచెట్లు" అని రాసుకున్నారు కదా, అందులో ఒకటి పడిపోయింది.

"మార్పు!" అని అరిచాడు గవర్రాజు.

"ఉత్తరం రాసి వాళ్ళని కంగారు పెట్టడం ఎందుకు మామయ్యా, చెట్టునే లేపేద్దాం" అంది భూలక్ష్మి. నలుగురూ కలిసి చెట్టుని లేపి, వాళ్ళు పేనిన తాళ్ళతోనే పక్కింటి వెదురు కంచెకి కట్టారు. తెల్లారేసరికి కంచెతో సహా పడింది. పక్కింటి బేబీ గారు కొంగు బిగించి వచ్చింది.

"అచ్చియ్యమ్మ గారూ, మీ చెట్టు మా బాత్రూంలో ఉందండి."

"కంగారు పడకండి బేబీ గారూ. వీసా ఆఫీసుకి రాసేశాం. చెట్టు ఉంది గాని, చిరునామా మారింది అని."

ఇలా పదిహేడు ఉత్తరాలు వెళ్ళాయి. ఒకరోజు జవాబొచ్చింది! ఇంటిల్లిపాదీ కాళ్ళు కడుక్కుని కూర్చుంటే గవర్రాజు గొంతు సవరించుకుని చదివాడు. "మీరు పంపిన అదనపు వివరాలు అందినవి. వాటిని పరిశీలించుటకు అదనపు సమయము పట్టును."

"చూశారా! అందరికీ మామూలు సమయం. మనకి అదనపు సమయం! ఎంత గౌరవం!" అని అచ్చియ్యమ్మ ఊరంతా బెల్లం పంచింది.

బుల్లబ్బాయి ఒక్కడే బెల్లం ముక్క చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. ఆషాఢం వచ్చేసింది. ఫోన్లో హైమావతి పొట్ట చూపించి, "లోపల తంతున్నాడండీ, ఇదిగో ఇక్కడ" అంటే, వాడు ఫోను అద్దం మీద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా తగిలింది. అప్పుడు చెప్పేద్దామనుకున్నాడు, నీ పేరు చెప్పనందుకే ఆగిందని. చివరికి "భోంచేశావా?" అని మాత్రం అడిగాడు.

జవాబు సంగతి విని హైమావతికి కళ్ళు తిరిగాయి. "ఒక్కో ఉత్తరం ఫైల్లో చేరినప్పుడల్లా వాళ్ళు మొదట్నించీ చదువుకోవాలండీ! దయచేసి ఆపండి. ఇక మీరెవ్వరూ ఏమీ చేయకండి. వాళ్ళ కబురొచ్చే వరకు ఏమీ చేయకుండా కూర్చోండి చాలు." అని, ఎప్పటిలాగే చివర్లో, "ఏవండీ, ఒక్కసారి పేరు పెట్టి పిలవచ్చుగా?" అంది. బుల్లబ్బాయి ఎప్పటిలాగే సిగ్గుపడి ఫోన్ పెట్టేశాడు.

"ఏమంది?" అని అడిగింది తల్లి.

"ఎవ్వరూ ఏమీ చేయొద్దంది."

ఇంకేముంది! ఆ మాట అన్నప్పుడు తల్లీకొడుకులు పెరట్లో తాడు పేనుతున్నారు. ఆ చివర ఆవిడ, ఈ చివర వాడు. వదిలేద్దామంటే వదలడం కూడా ఒక పనే కదా! అలాగే పట్టుకుని నిలబడిపోయారు. గవర్రాజు పళ్ళు తోముకుంటూ వేపపుల్ల నోట్లో పెట్టుకునే ఆగిపోయాడు. భూలక్ష్మి పొయ్యి మీద పాలు పొంగుతుంటే చూస్తూ, "పొంగుతున్నాయే అమ్మా" అంది. "పొంగనీ, అవి చేస్తున్నాయి, మనం చేయట్లేదుగా" అంది అచ్చియ్యమ్మ. కుక్క వచ్చి అన్నం గిన్నె నాకేసింది. వాన వచ్చి ఆరేసిన బట్టలూ, ఆరేయని మనుషులూ కలిసి తడిసిపోయారు.

మాడు వాసనకి బేబీ గారు కంచె దాటి వచ్చింది. కంచె ఎలాగూ లేదు. వీళ్ళ వాలకం చూసి, ఇంట్లోంచి పెరుగన్నం కలుపుకొచ్చి ఒక్కొక్కరి నోట్లో ముద్ద పెట్టింది.

"నమిలితే చేసినట్టేనా మామయ్యా?" అంది భూలక్ష్మి, ముద్ద బుగ్గనేసుకుని.

గవర్రాజు ఆలోచించాడు. ఆలోచించడం కూడా పనే అని గుర్తొచ్చి మానేశాడు.

ఏ వేళకి పోస్టుమేన్ వచ్చాడో గాని, దేవుడిలా వచ్చాడు. కబురొచ్చింది! తాడు అప్పుడు వదిలారు. చేతులకి నెమలికంఠం రంగులో గీతలు పడ్డాయి.

ఆ కాగితంలో ఇలా ఉంది. ఆశ్వయుజంలో ఫలానా రోజున మళ్ళీ ఇంటర్వ్యూ. మీ వివాహబంధం నిజమైనదని ఋజువులు తీసుకురండి.

"పెళ్ళి ఆల్బం ఉందిగా" అంది పొరపాటున భూలక్ష్మి.

"ఫోటోని నమ్మచ్చటే? గడ్డ విషయంలో చూశాం కదా!" అన్నాడు గవర్రాజు. "ఋజువంటే కళ్ళారా చూసింది కావాలి. పెళ్ళికొడుకు ఇంట్లోకి వచ్చాడని ఎవరు చూశారు? గుమ్మం చూసిందా? వాడు గుమ్మంలోంచి రాలేదు. కిటికీ చూసింది!"

అంతే. వంటింటి కిటికీ ఊడబెరికారు. చట్రం, రెండు రెక్కలు, దానికంటిన ఎండిన పసుపు మరకతో సహా. ఆల్బం బరువని అరుగు మీద పెట్టేసి, కిటికీ నెత్తిన పెట్టుకుని రైలెక్కారు. దారిపొడుగునా అచ్చియ్యమ్మ రైలు కిటికీ పక్కన తన కిటికీ పట్టుకుని కూర్చుంది. "మన దాంట్లోంచి చూస్తే గాలి బాగా వస్తోందర్రా" అంటూ.

వీసా ఆఫీసు దగ్గర కాపలావాడు కిటికీని లోపలికి రానివ్వలేదు. "సాక్షిని ఆపుతావా!" అని పోట్లాడి పోట్లాడి, ముగ్గురూ దాన్ని ఫుట్‌పాత్ మీద ఆఫీసుకేసి తిప్పి నిలబెట్టి పట్టుకున్నారు. రెక్కలు తెరిచి మరీ.

లోపల బుల్లబ్బాయి గుండె కప్పలా ఎగురుతోంది. అద్దం వెనకాల ఆ ఆఫీసరమ్మే. ముందున్న ఫైలు దిండంత లావుంది.

"బయట మార్గమున ఒక వాతాయనమును పట్టుకొని నిలిచియున్నవారు మీ బంధువులా?"

"ఆయ్. కిటికీ కూడా మాదేనండి."

"అది దేనికి?"

ఇక దాచలేకపోయాడు. గుమ్మం, అక్క, సిగ్గు, వెనక దారి, దూకడం, పులిహోర, అన్నీ చెప్పేశాడు. "జీడిపప్పు చెవిలోకి పోయిందండి. అప్పుడు ఆవిడే పిన్నుతో తీసిందండి. మొదటిసారి నన్ను ముట్టుకోవడం అదేనండి" అన్నాడు. చెప్పి, కళ్ళు తుడుచుకున్నాడు.

ఆఫీసరమ్మ నవ్వడం మొదలెట్టింది. పుస్తకాల తెలుగూ గిస్తకాల తెలుగూ మర్చిపోయి, తల బల్ల మీద ఆన్చి నవ్వింది. దొంగమొగుడెవడూ పులిహోరలో పడ్డట్టు అబద్ధమాడడని ఆవిడకి తెలిసిపోయింది. ఫైల్లో ఏదో గీకి, "అంతయూ నమ్మితిని. కాని పేరు మీ నోట విననిదే నేను రాయజాలను" అంది.

బుల్లబ్బాయి అటు చూశాడు, ఇటు చూశాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మంచులో నిండు చూలాలు ఒక్కతే నడుస్తున్నట్టు కనిపించింది. అద్దానికి నోరానించి చీమకి చెప్పినట్టు చెప్పాడు. "హై... మా... వతి."

"ఇంత చక్కని పేరు దాచనేల? ఇకమీదట ఎవరు పేరడిగినను బిగ్గరగా చెప్పుడు. ఇంటికి వెళ్ళుడు. పాసుపోర్టు వీసాతో మీ ఇంటికే వచ్చును."

బుల్లబ్బాయి ఆ మాట మనసులో రాసిపెట్టుకున్నాడు. ఇకమీదట ఎవరు పేరడిగినా ఈ పేరే బిగ్గరగా చెప్పాలి.

కార్తీకం వచ్చింది. హైమావతికి రేపో మాపో అన్నట్టుంది. కిటికీ ఇంకా అరుగు మీదే ఉంది. మళ్ళీ సాక్ష్యం అవసరమొస్తే ఊడబెరకడం ఎందుకని బిగించలేదు. ఆ ఉదయం వాడు ఫోన్లో ఆవిడతో మాట్లాడుతుండగా బయట బండి ఆగింది. కొరియర్ అతను చేతిలో కవరుతో గుమ్మం ముందు నిలబడ్డాడు. బుల్లబ్బాయి ఫోను పీట మీద పెట్టి పరిగెత్తాడు.

"పేరు చెప్పండి సార్."

బుల్లబ్బాయి ఛాతీ విరుచుకుని బిగ్గరగా చెప్పాడు. "హైమావతి!"

కొరియర్ అతను వాడి మీసం చూశాడు. కవరు చూశాడు. "హైమావతి గారికి ఏం రాలేదండి. బుల్లబ్బాయి గారికి వచ్చింది. ఆయన్ని పిలవండి."

"ఆయన ఇక్కడే ఉన్నాడు గాని, పేరడిగితే మాత్రం హైమావతే" అన్నాడు గవర్రాజు.

"ఆఫీసరమ్మే అలా చెప్పమంది బాబూ" అంది అచ్చియ్యమ్మ. కోడలి పేరు విన్న దడ ఇంకా తగ్గలేదు ఆవిడకి.

"మనిషి లేకపోతే కవరు వెనక్కి పంపేస్తామండి. మళ్ళీ ఎన్నాళ్ళకో ఏంటో" అని కొరియర్ అతను బండి ఎక్కేశాడు.

అప్పుడు బుల్లబ్బాయి బుర్రలో దీపం వెలిగింది. హైమావతి కూడా వినాలని లోపలికొచ్చి పీట మీదున్నది గబుక్కున చేతిలోకి తీసుకున్నాడు. గుమ్మంలో అమ్మ, అక్క, మామయ్య ముగ్గురూ ఒకేసారి బయటికి రాబోయి ఇరుక్కుపోయి ఉన్నారు. ఇంకేముంది! వంటింట్లోకి తిరిగి, కిటికీ లేని కిటికీలోంచి బయటికి దూకాడు. ఆ రోజు పేరు చెప్పలేక లోపలికి దూకినవాడు, ఈ రోజు చెప్పడానికి బయటికి దూకాడు.

"ఆగండీ! బాబ్బాబూ ఆగండీ! బుల్లబ్బాయిని నేనేనండీ! హైమావతి నేను కాదండీ, నా పెళ్ళామండీ!"

బండి ఆగింది. వీధంతా అరుగుల మీదకొచ్చింది. "మరి ఇందాక మీరే హైమావతి అన్నారు కదండీ?" అన్నాడు కొరియర్ అతను.

"తప్పు నాదేనండీ! ఆఫీసరమ్మ మొదటిసారి అడిగినప్పుడు చెప్పుంటే వీసా ఎనిమిది నెలలు ఆగేది కాదండీ! అమ్మా, చెట్టు వల్లా కాదే, గడ్డ వల్లా కాదే, నా వల్లే!" అంటూ చేతిలోది చెవికి ఆనించుకుని ఏడ్చేశాడు. "వింటున్నావా? నా వల్లేనే!"

"ఎవరితో మాట్లాడుతున్నావయ్యా?" అంది బేబీ గారు. "అది మీ అమ్మ వక్కాకు పెట్టె!"

బుల్లబ్బాయి చూసుకున్నాడు. నిజమే. చెవిలోంచి సున్నం కారుతోంది.

కొరియర్ అతను నవ్వాపుకుంటూ కవరు వాడి చేతిలో పెట్టాడు. అప్పటికి గుమ్మంలోంచి ఊడి వచ్చిన అచ్చియ్యమ్మ ఫోను పట్టుకుని రొప్పుతూ పరిగెత్తుకొచ్చింది. "ఒరే, అమ్మాయి ఇందులో ఉందిరా! నవ్వుతోందో ఏడుస్తోందో తెలీట్లేదు. చెప్పరా, ఆయుష్షు సంగతి తరవాత చూసుకుందాం, చెప్పు!"

బుల్లబ్బాయి ఒక చెవిలో సున్నంతో, ఒక చేతిలో వీసాతో, వీధి మధ్యలో నిలబడి, ఫోటోలో లేని నవ్వు నవ్వుతూ, ఊరంతా వినేలా చెప్పాడు.

"హైమావతీ! ఆయుష్షు తగ్గుతుందని కాదే, సిగ్గేసి చెప్పలేదు. నువ్వంటే నాకంత ఇష్టమే!"